ఎడమకాలికి పనిలేని కారు

నా ఎడమ మోకాలు అరిగిపోయిందని గుంటూరులో ఎముకల డాక్టరు చెప్పినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చిలకలూరిపేట నుంచి గుంటూరు దాకా క్లచ్ తొక్కింది ఆ కాలే. మిర్చి సీజన్లో యార్డుకు పోయే లారీల వెనక పడితే ఒకటో గేరు, రెండో గేరు, మళ్ళీ ఒకటో గేరు. తొక్కడం, వదలడం, తొక్కడం. మనిషికి లేని ఓపిక కాలికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు క్లచ్ తొక్కడం మానేసి ఒక ఆటోమేటిక్ కారు తీసుకోండమ్మా అన్నాడు డాక్టరు, దగ్గుకు మందు రాసినంత తేలిగ్గా. నాకు చిరాకేసింది. బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ, ఇంకా ఎన్ని నేర్చుకోవాలిరా భగవంతుడా అనుకున్నాను. సెల్‌ఫోన్ నేర్చుకున్నాం, అందులోంచి కరెంటు బిల్లు కట్టడం నేర్చుకున్నాం, ఇప్పుడు ఇన్నాళ్ళూ నడిపిన కారునే మళ్ళీ అఆల నుంచి నేర్చుకోవాలి.

బైపాసు పక్కన పాత కార్లు అమ్మే చోటికి వెళ్ళాను. అమ్మే ఆయన నాకన్నా కాస్త చిన్నవాడు, మంచి ఓపికస్తుడు. ఆటోమేటిక్ అంటే ఒకటే రకం కాదండీ అని మొదలుపెట్టాడు. కారు వెనక ఏటీ అనో, ఏఎంటీ అనో, సీవీటీ అనో అక్షరాలు అంటించి ఉంటాయట గానీ, పాత బండ్లకి అవి ఊడిపోతాయి కాబట్టి నమ్మడానికి లేదు. లోపలికి తొంగి గేరు రాడ్డు చూడాలి. దాని తల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలుంటే మామూలు గేర్ల బండి. పి, ఆర్, ఎన్, డి అని అక్షరాలుంటే ఆటోమేటిక్. వాటిలో పి లేకుండా పక్కన ప్లస్సూ మైనస్సూ ఉంటే అది చాలావరకు ఏఎంటీ. లోపలి గేర్‌బాక్సు మనం ఎరిగిన మామూలుదే, క్లచ్ తొక్కే పని మాత్రం మన బదులు అదే చేసిపెడుతుంది. నడిపి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుందన్నాడు. ఏఎంటీ గేరు మారినప్పుడల్లా క్షణం ఆగి లోపల కూర్చున్నవాళ్ళందరి చేతా తల ఊపిస్తుంది. సీవీటీలో గేరు మారినట్టే తెలియదు, ఇంజను ముందు అరిచి ఆ తర్వాత పరుగెత్తుతుంది. ఇవన్నీ చాలవన్నట్టు, క్లచ్ పెడల్ లేకుండానే గేర్లు మాత్రం మన చేత్తో వేసుకోవలసిన బండ్లు కూడా వచ్చాయట. కాబట్టి కింద పెడళ్ళు రెండే ఉన్నాయని చూసి ఊరుకోకూడదు, పైన రాడ్డు కూడా చూసుకోవాలి అన్నాడు. నేను తల ఊపుతూనే ఉన్నాను. సగం అర్థమైంది, సగం వినే ఓపిక లేక వదిలేశాను.

ఒక బండి నడిపి చూశాను. మలుపు దగ్గర గేదెలు అడ్డం వచ్చాయి. అలవాటు కొద్దీ నా ఎడమకాలు క్లచ్ కోసం లేచింది, అక్కడ క్లచ్ లేకపోయేసరికి పోయి బ్రేకు మీద పడింది. కారు ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయింది. పక్కన కూర్చున్న ఆయన ముందుకు తూలి, బెల్టు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పాపం కోప్పడలేదు. మొదట్లో అందరూ ఇదే చేస్తారండీ, ఎడమకాలిని వెనక్కి మడిచి పెట్టుకుని దాన్ని మర్చిపోండి అన్నాడు. సరేనని ఆ బండే తీసుకుని ఇంటికొచ్చాను.

మా అమ్మ చెల్లెలు, కోటేశ్వరి పిన్ని, నాతోనే ఉంటుంది. షుగరు వచ్చి కళ్ళు దెబ్బతిన్నాయి. వెలుతురూ నీడా తెలుస్తాయి, మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపడుతుంది. నేను వచ్చేసరికి వసారాలో కూర్చుని, వేళ్ళతో తడుముకుంటూ చింతపండులో గింజలు తీస్తోంది. కొత్త బండి చప్పుడు విని ఏం కారు అని అడిగింది. క్లచ్ లేని కారు పిన్నీ, నా మోకాలి కోసం అన్నాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. కింద రెండేనా అంది. రెండే అన్నాను. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఉండగా అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ రెండు పెడళ్ళ సంగతి.

మాది దర్శి దగ్గర ఊరు. నాన్నది మిర్చి కమీషను వ్యాపారం. చుట్టుపక్కల రైతుల దగ్గర కాయ చూసి, మచ్చు సంచుల్లో పట్టుకుని గుంటూరు యార్డుకు తీసుకుపోయేవాడు. అందుకోసం ఒక అంబాసిడర్ కారు ఉండేది. మచ్చు సంచులు ఎప్పుడూ వెనక సీటులోనే వేసేవాళ్ళు కాబట్టి ఆ కారు సీట్లలోకి మిరపకాయ ఘాటు ఎక్కిపోయింది. అద్దాలు మూసి ఎండలో పెట్టి తలుపు తీస్తే ముక్కుపుటాలు మండేవి. పెళ్ళికి పోయినా పేరంటానికి పోయినా మా ఇంటిల్లిపాదీ తుమ్ముకుంటూ దిగేవాళ్ళం, దాన్ని బట్టే ఎవరొచ్చారో జనానికి తెలిసిపోయేది. నాయనమ్మ మాత్రం తడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎక్కేది, దిగేదాకా తీసేది కాదు, మాట్లాడేది కూడా కాదు. పొద్దున్నే మస్తానయ్య వచ్చి బానెట్ తడి గుడ్డతో తుడిచేవాడు. మస్తానయ్య మా డ్రైవరు. పొగాకు కాల్చే బేరన్ల వెనక ఉన్న చిన్న వీధిలో వాళ్ళిల్లు. వాళ్ళావిడ మా అమ్మకు జాకెట్లు కుట్టేది. కారు తుడవడం అయ్యాక అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ రేడియేటర్లో నీళ్ళు పోసేవాడు. కారు ఆయనది కాదు గానీ, దాన్ని ఎవరైనా గట్టిగా తలుపేస్తే ఆయన మొహం చిన్నబోయేది.

పిన్నికి చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. కుడికాలు మాత్రం గట్టిది. ఎడమ తొడ మీద అరచెయ్యి ఆనించి, ఒత్తి పట్టుకుని, అడుగు తర్వాత అడుగు వేసేది. మా అమ్మ పెళ్ళయ్యాక అక్కతో పాటు మా ఇంటికి వచ్చేసి, పక్క ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు పని చేసేది. మా ఊళ్ళో ఆ రోజుల్లో ఉద్యోగం చేసే ఆడమనిషి ఆవిడ ఒక్కతే. పొద్దున నాన్న గుంటూరు వెళ్తూ ఆవిడని స్కూలు దగ్గర దింపేవాడు. సాయంత్రం తీసుకురావడమే కష్టం. సీజన్లో యార్డులో వేలంపాట అయ్యేదాకా నాన్నకు కదలడానికి ఉండదు. బస్సు మెట్టు ఎత్తు, ఆవిడ ఎక్కలేదు. పిల్లలంతా వెళ్ళిపోయాక స్కూలుకు తాళం వేసుకుని అరుగు మీద కూర్చునేది. ఎవరిదైనా ఎడ్లబండి ఇటు వస్తే దాని మీద వచ్చేది. లేకపోతే మస్తానయ్య గుంటూరు నుంచి కారు తిప్పుకొచ్చేదాకా అక్కడే. ఇంటికొచ్చాక విసుక్కునేది కాదు. కాళ్ళు కడుక్కుని నా చేత ఎక్కాలు చెప్పించుకునేది. ఆవిడ విసుక్కోకపోవడం చూసి ఆవిడకేమీ అనిపించదు కాబోలు అనుకునేవాళ్ళం మేమంతా.

ఒకసారి పొగాకు కొనే కంపెనీ పెద్దాయన ఒకాయన మా ఇంటికి భోజనానికొచ్చాడు. తనే నడుపుకుంటూ, మన గడపలోంచి పట్టనంత పొడుగున్న, విదేశం నుంచి తెప్పించిన సీమ కారులో వచ్చాడు. భోజనం చేసి, అలవాటు లేని గోంగూర దండిగా తిన్నాడేమో, మడత మంచం మీద నిద్రపోయాడు. ఇంతలో మిర్చి టిక్కీ బస్తాల బండ్లు వచ్చాయి. ఆ కారు దారికడ్డంగా ఉంది. అతిథిని లేపడానికి మొహమాటపడి నాన్న ఆ కారు తాళంచెవి తీసి మస్తానయ్యకిచ్చాడు. మస్తానయ్య లోపలికి తొంగి చూసి, గేరు రాడ్డు స్టీరింగు కిందే ఉంది బాబుగారూ, మన బండి లాంటిదే అన్నాడు. మా అంబాసిడర్‌కి కూడా గేరు అక్కడే ఉండేది. ఆ రోజుల్లో మా ఊరివాళ్ళకు కారును గుర్తుపట్టే పద్ధతి అదే, గేరు రాడ్డు నేల మీదుంటే జీపు, స్టీరింగు కిందుంటే కారు. అంతకుమించి మూడో రకం ఒకటుంటుందని ఎవరికీ తెలియదు.

మస్తానయ్య స్టార్టు చేశాడు. ఎడమకాలికి అందిన వెడల్పాటి పెడలే క్లచ్ అనుకుని దాన్ని నొక్కిపట్టి, రాడ్డు కిందికి లాగాడు. మెల్లగా కాలు వదిలితే కారు వెన్నలా కదిలింది. చూశారా అన్నట్టు మావైపు చూశాడు. రెండో గేరు వేద్దామని అదే కాలితో మళ్ళీ గట్టిగా తొక్కేసరికి కారు నిలువునా ఆగింది, ఆయన ఛాతీ పోయి స్టీరింగుకు తగిలింది. మా అంబాసిడర్ అలా కుదుపుతో ఆగితే ఇంజను ఆగిపోయినట్టే లెక్క. ఈ కారు ఇంజను చప్పుడు బయటికి వినపడదు. అందుకని ఆగిపోయిందనుకుని, ఏమైందో చూద్దామని తలుపు తీసుకుని దిగాడు. ఆయన కాలు నేల మీద ఆనగానే కారు దానంతటదే నడవడం మొదలుపెట్టింది. తొందరేమీ లేకుండా, తలుపు తీసి ఉన్నదున్నట్టుగా, కళ్ళంలోకి పోయి ఆరబోసిన మిరపకాయల మీదుగా సాగి, అవతల గడ్డివాముకు ఆనుకుని ఆగింది. నలిగిన కాయల కోరు గాలిలోకి లేచింది. ఆడా మగా కొంగులూ తువాళ్ళూ మొహానికి అడ్డం పెట్టుకుని ఒకటే దగ్గు. కంపెనీ పెద్దాయన లేచి వచ్చి, కళ్ళ నీళ్ళతో కోపమో నవ్వో తెలియకుండా నిలబడ్డాడు. మస్తానయ్య మాత్రం చేతులు కట్టుకుని, తొక్కినంతవరకూ సరిగ్గానే తొక్కానండీ అని నాన్నకు చెబుతూనే ఉన్నాడు.

అందరూ దూరం పోతుంటే పిన్ని ఒక్కతే ఆ కారు దగ్గరికి నడిచింది. తొడ మీద చెయ్యి ఆనించి, దగ్గుతూ, తెరిచి ఉన్న తలుపులోంచి వంగి కిందికి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు కంపెనీ పెద్దాయన్ని అడిగింది.

"ఇందులో క్లచ్ ఏదండీ?"

"లేదమ్మా. ఇది తనే గేర్లు మార్చుకుంటుంది. ఎడమకాలికి ఇందులో పనేమీ లేదు."

ఆయన మామూలుగా చెప్పాడు, చెప్పి మర్చిపోయి ఉంటాడు. పిన్ని మాత్రం ఆ మాట ఆ సాయంత్రం అమ్మతో చెప్పింది, నాయనమ్మతో చెప్పింది, ఎక్కాలు పక్కన పెట్టి నాతో చెప్పింది. ఎడమకాలికి పనేమీ లేదట వసూ అంటూ. ఆవిడ మొహం అంత తెరిపిగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. అందరూ మిరపకాయలు పాడైపోయాయని ఏడుస్తుంటే దీని సంబరమేమిటి అని నాయనమ్మ గొణిగింది.

నాన్న మంచివాడు. కొట్టిపారెయ్యలేదు. గుంటూరులో అడిగాడు, బెజవాడలో అడిగాడు, మద్రాసు పోయిన వ్యాపారస్తుల చేత అడిగించాడు. అటువంటి కారు ఇక్కడ తయారుకాదు, దొరికినా నట్టు ఊడితే నట్టు ఓడలో రావాలి అన్నారు. అప్పుడు మస్తానయ్య ఇంకో ఉపాయం చెప్పాడు. గుంటూరులో ఒక షెడ్డులో మా అంబాసిడర్ క్లచ్ పెడల్‌కి ఇనప కడ్డీ అతికించి, చేత్తో లాగేలా చేయించాడు. ఒక ఆదివారం చెరుకుతోట పక్క బాటలో నాన్నా మస్తానయ్యా కలిసి పిన్నిని స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. కుడిచెయ్యి స్టీరింగు మీద. ఎడమచేత్తో కడ్డీ లాగి పట్టుకోవాలి, లాగి పట్టుకుని ఉండగానే గేరు వెయ్యాలి, గేరు కూడా ఎడమచేతి వైపే ఉంది. కడ్డీ వదిలి గేరు పట్టుకుంటే కారు గింజుకుని ఆగిపోయేది. ఆవిడ చీర భుజం దగ్గర తడిసిపోయేదాకా ప్రయత్నించింది. చివరికి స్టీరింగు మీద తల ఆనించి, మూడో చెయ్యి కావాలి బావా అంది, నవ్వుతూనే. మర్నాడు మస్తానయ్య కడ్డీ కోయించేశాడు. కోయించేటప్పుడు నేనూ ఉన్నాను.

ఆ తర్వాత ఆవిడకు ఒక అలవాటైంది. పెళ్ళి దగ్గర, ఆస్పత్రి దగ్గర, ఎక్కడ కారు ఆగి ఉన్నా వెళ్ళి అద్దానికి చేతులు అడ్డం పెట్టుకుని లోపల కింద ఎన్ని పెడళ్ళున్నాయో చూసేది. రాడ్డు సంగతి చూసేది కాదు, అది ఎలా మోసం చేస్తుందో కళ్ళారా చూసింది కదా. ఎప్పుడూ మూడే ఉండేవి. కార్లు లెక్కపెట్టే పంతులమ్మ అని పిల్లలు వెక్కిరించేవాళ్ళు, పెళ్ళిళ్ళలో బావ వరసైనవాళ్ళు, కోటేశ్వరికి కారున్న మొగుణ్ణి చూడాలి అని ఆట పట్టించేవాళ్ళు. ఆవిడకు ఆ ఎగతాళి పట్టేది కాదు. కొన్నాళ్ళకు ఆవిడకి పెద్ద స్కూల్లో హెడ్మిస్ట్రెస్ పని ఇస్తామన్నారు. ఊరు దూరం, బస్సు తప్ప దారి లేదు. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఎవరూ వద్దనలేదు. రోజూ ఎవరు తీసుకెళ్తారు అని మాత్రమే అన్నారు, అదీ ప్రేమగానే అన్నారు. పిన్ని వాళ్ళ మొహాలు ఒకటొకటిగా చూసి, నాకా చాకిరీ ఎందుకులే అని తనే అనేసింది. ఆ అరుగు మీదే, ఆ చిన్న స్కూల్లోనే రిటైరైంది. ఆ హెడ్మిస్ట్రెస్ పని తీసుకున్న ఆవిడ ఆ చిన్న స్కూలు ఇన్‌స్పెక్షనుకి వచ్చినప్పుడు పిన్ని మజ్జిగ కలిపి ఇచ్చింది. ఆ రోజు సాయంత్రం పిన్ని తలనొప్పని పడుకుంది. అది తలనొప్పి కాదని తెలిసే వయసే నాది, అయినా ఏం చెయ్యగలను?

ఈలోగా నేను పెద్దదాన్నయి, మస్తానయ్య దగ్గరే కారు నేర్చుకున్నాను. వారం తిరక్కుండా వచ్చేసింది. రెండు కాళ్ళు సరిగ్గా ఉన్నవాళ్ళకు అందులో విశేషమేమీ లేదు. క్లచ్ లేని కార్లు మన ఊళ్ళకు వచ్చేనాటికి నాన్న లేడు, మస్తానయ్య లేడు, పిన్ని అద్దాల్లోంచి తొంగిచూడడం ఎప్పుడో మానేసింది, చూద్దామన్నా కళ్ళు లేవు. ఇప్పుడు నా మోకాలు కాస్త మూలిగిందో లేదో, దానికోసం బైపాసు పక్కన వరసలు వరసలుగా కార్లు నిలబడ్డాయి. రాడ్డుతో ఒకటి, గుండీలతో ఒకటి, తిప్పే బిళ్ళతో ఒకటి, ఏది కావాలండీ అంటూ. ఆవిడ కాలి కోసం ఆ రోజుల్లో ఒక్కటి కూడా దొరకలేదు. ఎవరినన్నా తిట్టుకుందామంటే తిట్టుకోవడానికి మనిషి కనపడడు. అందరూ తీసుకెళ్ళినవాళ్ళే, దింపినవాళ్ళే, ప్రేమ ఉన్నవాళ్ళే. తలుచుకుంటే కోపం రాదు, నీరసం వస్తుంది.

మర్నాడు పొద్దున పిన్ని స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నన్నొకసారి ఆ కారులో ముందు సీటులో కూర్చోబెట్టు అంది. ఎడమవైపు తలుపు తీశాను. ఇటు కాదు, అటు అంది. ఊరి బయట పత్తిచేలు కొనేసి ప్లాట్లు వేశారు. తారు రోడ్లు పోశారు, ఆర్చి కట్టారు, లైటు స్తంభాలు పాతారు, ఇళ్ళు మాత్రం ఒక్కటీ లేవు. అక్కడికి తీసుకెళ్ళి, నేను దిగి, ఆవిడని స్టీరింగు వెనక కూర్చోబెట్టాను. ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి తనే పక్కకు పెట్టుకుంది. కుడి పాదంతో కింద తడిమింది, వెడల్పుదాన్ని, సన్నదాన్ని, మళ్ళీ వెడల్పుదాన్ని. ఇంకోటి ఉందేమోనని ఇంకా పక్కకు తడిమింది. లేదు. నేను పక్కన కూర్చుని, హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసుకుని, వెడల్పుదాన్ని తొక్కిపట్టమని చెప్పి, రాడ్డు ముందుకు నడిపే డి లోకి వేశాను. రెండోదాన్ని ముట్టుకోవద్దు, మెల్లగా కాలు తీస్తే చాలు అన్నాను.

తీసింది. కారు కదిలింది. నడిచే మనిషికన్నా వేగం లేదు. ఆవిడ స్టీరింగును రెండు చేతులతో, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. కాస్త ఎడమకు అంటే ఎడమకు తిప్పింది, చాలు అంటే ఆపింది. ఆ వరస స్తంభాలన్నీ దాటాక తనే బ్రేకు తొక్కింది, కుదుపు లేకుండా. ఎదురుగా ఏముందో కనిపించని ఆ కళ్ళు ఎటు చూస్తున్నాయో నాకు తెలియలేదు.

"ఇంతేనా వసూ?"

"ఇంతే పిన్నీ."

"ఇంత తేలికైన పనికా, బతుకంతా నేను మీ మొహాలు చూస్తూ కూర్చున్నది?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు. ఎండెక్కుతోంది, ఇంక దిగుదామా అని అడిగాను. నేను చెప్పకుండానే బ్రేకు మీద నుంచి కాలు తీసేసింది.

"ముందేముందో చెబుతూ ఉండు," అంది.

"ఏమీ లేదు పిన్నీ. రోడ్డు తిన్నగా ఉంది. పోనియ్."